గడి చిన్నది

సింహాచలం కొండ మీద
దర్శనం క్యూ ఇంకా కదలక ముందే
మేం రాళ్ళకు తలంటుతాం.
శాసనం మొహం కడిగి, తడి కాయితం పరిచి
బ్రష్షుతో దబదబా కొడితే
అక్షరం గుంటల్లోకి కాయితం దిగుతుంది.
తర్వాత సిరా అద్దాలి.
రాయి నల్లగా వస్తుంది, రాత తెల్లగా మిగులుతుంది.
ముప్పై రెండేళ్ళుగా నా జీతం
ఆ మిగిలిన తెలుపుకే.

యూనివర్సిటీ నుంచి వచ్చిన బెహరా వారి కుర్రాడు
నోటుబుక్కు తెరిచి అడిగాడు:
"మేస్త్రీగారూ, రాజ్యం ఎక్కడ ఆగి
సామ్రాజ్యం ఎక్కడ మొదలవుతుందండీ?"
నాకేం తెలుసు.
ఈ స్తంభం చూడమన్నాను.
పైన గెలుపు. ఉత్తరాది దొర తన లిపిలో చెక్కించుకున్నాడు,
గుండ్రటి తలల ఒరియా అక్షరాలు.
కింద అఖండదీపం, దాని నేతికి యాభై గొర్రెలు,
ఆ గొర్రెలు తోలే మనిషి పేరు: తెలుగులో.
గెలుపు ఎవడికీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు,
గొర్రెల లెక్క మాత్రం తప్పకూడదు.
"రాజ్యమైతే ఒక్క లిపితో సరిపెట్టుకునేది బాబూ"
అన్నాను. నాకే నచ్చి ఇంకోసారి అన్నాను.

నోరు ఊరుకోలేదు.
భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూశావా,
ఉప్పుగాలికి పొట్టు రాలే రాళ్ళ కింద
తమ భాషలోనే చచ్చిపోయి ఉన్నారు, ఒంటరిగా.
కలవలేదు, కలుపుకోలేదు,
బట్టల బేళ్ళు లెక్క చూసుకుని పోయారు.
ఇంగ్లీషువాడు వేరు.
ఊరి పేరును వాడి నోటికి పట్టేంత విరుచుకున్నాడు.
వాడు ఓడ ఎక్కాక
ఆ విరిగిన ముక్కనే మనం బీచిలో నిలబెట్టి
దాని పక్కన ఫొటోలు దిగుతున్నాం.

మా అమ్మ "ఏటిరా" అనేది.
ఉద్యోగంలో చేరిన వారానికే
నేను "ఏమిటి"లోకి మారిపోయాను.
ఎవడూ కొట్టలేదు. సెక్షన్లో ఒకడు నవ్వాడు, అంతే.

నీళ్ళ బిందె దించి గౌరి వింటోంది.
పాడేరు అవతలి నుంచి వచ్చిన మనిషి,
నాలుగేళ్ళుగా మా దగ్గర రోజుకూలీ.
కుర్రాడు మర్యాదకి ఆమెనూ అడిగాడు, మీ పేరండీ?
"ఏ పేరు?" అంది.

కిల్లో గురుబారి. గురువారం పుట్టింది.
హాస్టల్లో చేర్చిన రోజు మేస్టారు
రిజిస్టరులో గడి చిన్నదని
గౌరి అని రాశాడు.
మంచివాడే. చలికాలం తన దుప్పటి ఇచ్చేశాడట.

నాకు చెయ్యి ఆడలేదు.
అరిగిపోయిన ఒక్క సున్న కోసం
బోర్లా పడుకుని, టార్చి అడ్డంగా పట్టి
మూడ్రోజులు గడిపిన వాణ్ణి.
నాలుగేళ్ళు, ప్రతి శనివారం,
నిండా బతికున్న పేరును
మస్టరు రోలులో తప్పు రాసింది ఈ చెయ్యే.

పెన్ను తీశాను. ఇవాళ్టి నుంచి సరిగ్గా రాస్తానమ్మా.
గబుక్కున అడ్డం వచ్చింది:
"వద్దు సారూ. ఆధార్లో గౌరి, బేంకులో గౌరి.
గురుబారికి డబ్బులు పడవు."

లోపల గంట మోగింది.
అప్పన్న కూడా ఏడాదికి ఒక్కరోజే
గంధం ఒలిచి కనబడతాడు,
ఆ రోజు కొండ పట్టదు జనం.
గురుబారిని చూడ్డానికి టిక్కెట్టు ఎవరు కొంటారు?

సాయంత్రం, ఆరిన కాయితాలు చుట్ట చుడుతూ
ఆమె పైకే లెక్కపెడుతోంది.
ఒకటీ రెండూ వాళ్ళమ్మ మాటలో.
మూడు నుంచి ఒరియా.
పది దాటాక తెలుగు.
కూలి దగ్గరికొచ్చేసరికి ఫైవ్ హండ్రెడ్.

బెహరా వారి కుర్రాడు అప్పటికే బస్సెక్కేశాడు.
నేను ఆ మొదటి రెండు అంకెల దగ్గరే ఆగిపోయాను.
ఏటన్నావు, ఇంకోపాలి చెప్పు, అన్నాను.
చెప్పింది.
తడి కాయితం ఒక్కటీ మిగల్లేదు.